మూడేళ్ల పిల్లల దగ్గర పనిచేసే టీచరుకూ ఆయాకూ డిప్లొమా తప్పనిసరి చేయాలా?

పలకా బలపం (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. ఇంటర్ ఒకేషనల్‌లో ప్రీ స్కూల్ టీచర్ ట్రైనింగ్ కోర్సు చదివే అమ్మాయిలకు నేను పన్నెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. చాలాకాలంగా నన్ను వదలని ప్రశ్న ఒకటి ఇక్కడ పెడుతున్నాను. ప్రభుత్వ బడిలో ఒకటో తరగతి పిల్లలకు చదువు చెప్పాలంటే రెండేళ్ల డీఎల్‌ఎడ్ పూర్తిచేయాలి, టెట్‌లో అర్హత సాధించాలి, ఆపైన డీఎస్సీ రాయాలి. అదే పిల్లవాడు ఏడాది ముందు అంగన్‌వాడీలోనో ప్రైవేటు బడి యూకేజీలోనో ఉన్నప్పుడు, అతని పక్కన కూర్చునే మనిషి ఆ వయసు పిల్లల గురించి ప్రత్యేకంగా ఏమీ చదవకపోయినా నడిచిపోతోంది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఉన్న వయసును ఒకే పునాది దశగా లెక్కించింది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లు నిండకముందే జరుగుతుందని కూడా ఆ పత్రమే చెబుతోంది. దశ ఒక్కటే అయినప్పుడు పై మెట్టుకు ఒక న్యాయం, కింది మెట్టుకు ఇంకొక న్యాయం ఎలా కుదురుతుంది?

నేర్పే కోర్సులు లేక కాదు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల్లోనే పూర్వ ప్రాథమిక విద్యకు రెండేళ్ల డిప్లొమా, అంటే డీపీఎస్‌ఈ, ఉంది. తెలంగాణలో డీఈఈసెట్ ప్రవేశ పరీక్ష రాసినవారికి డీఎల్‌ఎడ్‌తో పాటు ఆ కోర్సులోనూ ప్రవేశం ఇస్తారు. కానీ ఆ పట్టా ఉంటేనే ఉద్యోగమన్న నియమం అంగన్‌వాడీల్లో లేదు, ప్రైవేటు బడుల్లో అమలు కాదు కనుక, చదివిన అమ్మాయిలు ప్రైవేటు బడుల్లో చాలీచాలని జీతానికి చేరి ఏడాది తిరక్కముందే మానేస్తున్నారు. నా విద్యార్థినుల్లో అందరికంటే బాగా కథ చెప్పే అమ్మాయి, కథలో కుందేలు ఆగినచోట తానూ ఆగి, పిల్లలు ‘తర్వాతో?’ అని అడిగేదాకా నోరు విప్పని అమ్మాయి, ఇప్పుడు ఒక బట్టల దుకాణంలో బిల్లులు రాస్తోంది. అందుకే ఇకపై జరిగే నియామకాల్లో టీచరుకు రెండేళ్ల డిప్లొమా, ఆయాకు ఆరు నెలల సర్టిఫికెట్ ముందే ఉండి తీరాలని నా వాదన. కాదనేవారు కారణాలతో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

వాగు అవతల

మేడం గారూ, నేను భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఇరవై రెండేళ్లుగా అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. పదో తరగతి పాసై చేరాను. చేరాక దాదాపు నెల రోజులు ట్రైనింగ్ సెంటర్‌లో ఉంచి నేర్పించారు. మీ ఆవేదన నాకు అర్థమైంది గానీ, మీరు అడుగుతున్న నియమం మా ఊరికి మేలు చేయదు.

మా కేంద్రానికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో కోయ మాట్లాడతారు. కిందటేడు జూన్‌లో చేరిన ఒక పాప పదకొండు రోజులపాటు చెప్పులు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది. నేను పిలిస్తే ఇంకాస్త వెనక్కి జరిగేది. మా ఆయా ఆ పాపకు మేనత్త వరస అవుతుంది. ఆమె చేటలో బియ్యం ఏరుకుంటూ, పాప వంక చూడకుండానే, కోయలో తనలో తాను అనుకుంటున్నట్టు ఏవో ఊరి కబుర్లు చెప్పుకుంటూ ఉండేది. పన్నెండో రోజున పాప చెప్పులు గుమ్మంలో వదిలేసి లోపలికొచ్చి చేటలో చెయ్యి పెట్టింది. నేను అరచి పిలవకుండా ఉండడం ఆ రోజే నేర్చుకున్నాను. సర్టిఫికెట్ ముందే ఉండాలన్న నియమం ఉంటే, ఏడో తరగతితో చదువు ఆపేసిన ఆ మనిషి మా కేంద్రంలో అడుగుపెట్టి ఉండేది కాదు. ఆమె స్థానంలో కోయ రాని మనిషి ఎవరో పట్టా పట్టుకుని వచ్చేవారు.

స్థానిక మహిళనే తీసుకోవాలన్న నిబంధన ఊరికే పెట్టలేదు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) 33 ప్రాజెక్టులతో మొదలైన నాటినుంచీ, తల్లి తలుపు తీసి లోపలికి రానిచ్చే మనిషే ఈ పనికి కావాలన్నది దాని మూలసూత్రం. ఇక డబ్బు సంగతి. తెలంగాణలో టీచరుకు నెలకు 13,650, ఆయాకు 7,800 రూపాయలు ఇస్తున్నారు, అదీ జీతం కాదు, గౌరవ వేతనం. దీనికోసం రెండేళ్లు ఫీజు కట్టి చదివి, మా వాగు దాటి వచ్చి, ఇక్కడే కాపురం పెట్టే అమ్మాయిని మీరు చూపించగలరా?

గుంటూరు నాన్న

నేను ఉపాధ్యాయుణ్ణి కాను, తండ్రిని. మా అబ్బాయిని అంగన్‌వాడీ మాన్పించి ప్రైవేటు బడి ఎల్‌కేజీలో చేర్చాను, ఇప్పుడు బాధపడుతున్నాను. నాలుగేళ్ల పిల్లవాడికి రోజూ నాలుగు గీతల కాపీలో రెండు పేజీల రాత ఇచ్చేవారు. ఒక రాత్రి అన్నం ముద్ద పట్టుకోలేక చెయ్యి విదిలించుకుంటుంటే చూశాను. బొటనవేలి పక్కన ఎర్రగా కమిలి ఉంది. మరునాడు వెళ్లి అడిగితే, ఆ టీచరు, బీకాం పూర్తిచేసిన చాలా మంచి అమ్మాయి, ‘తల్లిదండ్రులే నోట్సు నిండాలని అడుగుతారండీ’ అని చెప్పింది. ఆమె అన్నది నిజమే, మొదటి నెలలో నేనూ అలాగే అడిగాను. వేళ్లు బలపడకముందు పెన్సిలు ఇవ్వకూడదని ఆమెకూ ఎవరూ చెప్పలేదు, నాకూ ఎవరూ చెప్పలేదు. అంగన్‌వాడీ టీచరుకైనా ఎంతో కొంత శిక్షణ ఉంది. ప్రైవేటు ప్రీ స్కూళ్లలో ఆ మాత్రం కూడా అడిగే నాథుడు లేడు. డిప్లొమా నియమం పెట్టదలిస్తే ముందు అక్కడ పెట్టాలి.

ఇంకొక మాట. 2023 డిసెంబరు 12 నుంచి మా ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు 42 రోజులు సమ్మె చేశారు. వేతనం పెంచాలని, గ్రాట్యుటీ ఇవ్వాలని వారు అడిగారు. వారికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే తీర్పు చెప్పింది. అర్హతలు పెంచాలనేవారు ఆ లెక్కను పక్కన పెట్టి మాట్లాడకూడదని నా మనవి.

సెక్టారు మీటింగు

నేను ఐసీడీఎస్ సూపర్‌వైజరును. మీ ముగ్గురి మాటల్లోనూ ఆయా ప్రస్తావన వచ్చింది గానీ, అసలు చర్చ ఆమె దగ్గరే మొదలుకావాలని నేను అనుకుంటున్నాను. 2013 జాతీయ పూర్వ బాల్య సంరక్షణ, విద్యా విధానం కింద మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇరవై మందికి వారిని చూసుకునే పెద్దవారు ఒకరు ఉండాలన్నది ప్రమాణం. ఇరవై ఐదు మంది ఉన్న కేంద్రంలో టీచరు ఒక్కరితో ఆ లెక్క తేలదు, అందువల్ల రెండో మనిషి ఆయానే. టీచరు పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో హాజరు ఎక్కిస్తున్నప్పుడు, బరువులు తూస్తున్నప్పుడు, గర్భిణుల వివరాలు రాస్తున్నప్పుడు పిల్లలు ఉండేది ఆయా కళ్ల ముందే. అయినా ఆమెను మన కాగితాలు వంటకు, శుభ్రతకు సాయం చేసే మనిషిగానే చూస్తాయి. 2023 మే నెలలో ప్రారంభమైన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ (పోషణతో పాటు చదువూ) అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కింద టీచర్లకు మూడు రోజుల శిక్షణ పెట్టారు, అది మంచిదే. ఆ మూడు రోజులూ కేంద్రం తలుపు తీసి పిల్లలను చూసుకున్నది ఆయానే, ఆమెకు మాత్రం ఆ పాఠం అందలేదు.

నేను కళ్లారా చూసిన ఒక సంగతి చెబుతాను. ఒక కేంద్రంలో గోడ మీద ఒకటి నుంచి వంద దాకా అంకెల చార్టు ఉంది. పిల్లలు దాన్ని వంద దాకా గడగడా చదివారు. నలుగురు కూర్చున్న వరసకు సరిపడా గ్లాసులు తెమ్మని ఒక బాబుకు చెబితే, చేతికి పట్టినన్ని తెచ్చాడు. మధ్యాహ్నం అదే బాబు చేతికి ఆయా గుడ్ల గిన్నె ఇచ్చి, ‘ఒక్కో పళ్లెంలో ఒక్కటే పెట్టు, ఎవరికి రాలేదో చూడు’ అంది. అతను పెట్టుకుంటూ పోయి, చివరి పళ్లెం దగ్గర ఆగి, గిన్నె వంపి చూపించి, ‘ఒకటి తక్కువైంది’ అన్నాడు. లెక్క పుట్టేది అక్కడ. ఆయాకు తాను చేసిన పని గణితమని తెలియదు. తెలియదు కనుక మరునాడు ఆలస్యమవుతోందని తానే గబగబా పెట్టేసింది. శిక్షణ అవసరం ఎక్కడుందో నాకు ఆ రెండో రోజు తెలిసింది. తమంతట తాము చేసే మంచి పనిని గుర్తుపట్టి, రోజూ చేసేలా నిలబెట్టేదే ఆయాకు కావలసిన చదువు.

వాగు అవతల గారు స్థానికురాలే కావాలన్నారు, ఒప్పుకుంటాను. అయితే ఇరవై రెండేళ్ల అనుభవమే చాలన్న ధ్వని మాత్రం నాకు నచ్చలేదు. అనుభవం చెడ్డ అలవాటును కూడా గట్టిపరుస్తుంది. బెత్తం చూపించి నిద్రపుచ్చే టీచర్లలో చాలా సీనియర్లను నేను చూశాను.

పలకా బలపం

మీ మాటలు విన్నాక నా వాదనలో సగాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. నియామకానికి ముందే పట్టా ఉండాలనడం వల్ల కోయ, లంబాడీ ఇళ్ల నుంచి వచ్చే మనుషులకు తలుపు మూసుకుపోతుందన్నది నేను ఆలోచించని విషయం. మిగతా సగం మీద మాత్రం నిలబడుతున్నాను. ఉద్యోగంలో చేరాకనైనా ఆ చదువు అందరికీ తప్పనిసరి కావాలి.

జాతీయ విద్యా విధానం ఇంటర్, అంతకు మించి చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా ఇవ్వాలని చెప్పింది. వాటిని డీటీహెచ్ చానళ్ల ద్వారా, స్మార్ట్‌ఫోన్ల ద్వారా నడపాలని, నెలకు కనీసం ఒక్కసారి ముఖాముఖి తరగతి ఉండాలని కూడా రాసింది. నా అభ్యంతరం ఆ ‘నెలకు ఒక్కసారి’ మీదే. ఏడుస్తున్న పిల్లను ఎప్పుడు ఎత్తుకోవాలో, ఎప్పుడు పక్కన ఊరికే కూర్చోవాలో ఫోను తెర మీద ఎవరూ నేర్చుకోలేరు. 1939లో ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి శిక్షణ తరగతులు మొదలుపెట్టారు. ఆ పద్ధతిలో ఈనాటికీ పిల్లలను మౌనంగా కూర్చుని గమనించే గంటలు శిక్షణలో ముఖ్య భాగం. పూర్వ ప్రాథమిక విద్య కోసం పనిచేసిన తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ 1945లో మహారాష్ట్ర తీరాన బోర్డీలో పని మొదలుపెట్టి, తర్వాత కోస్‌బాడ్ కొండకు వెళ్లి, బడికి రాని ఆదివాసీ పిల్లల కోసం బడినే వారి వాకిట్లోకి తీసుకువెళ్లారు. మన అంగన్‌వాడీ అన్న మాటే ఆ వాకిలి (ఆంగన్) నుంచి వచ్చింది. వారి దగ్గర పనిచేసినవారు ఆకులు, గింజలు, గవ్వలు పట్టుకుని పిల్లల మధ్యనే శిక్షణ పొందారు.

మా విద్యార్థినులకు నేను ఇచ్చే మొదటి పని కూడా అదే. ఒక బాబునో పాపనో ఎంచుకుని, ఇరవై నిమిషాలు గమనించి, చూసింది మాత్రమే రాయమంటాను. మొదటి వారం అందరూ ‘బాబు అల్లరివాడు’, ‘పాప మందకొడి’ అని రాస్తారు. ఆ మాటలు కొట్టేసి మళ్లీ పంపుతాను. నాలుగో వారానికి ‘మూత తిరగకపోతే బాబు సీసాను మోకాళ్ల మధ్య పెట్టుకుని రెండు చేతులతో తిప్పాడు’ అని రాయడం వస్తుంది. అలా రాయగలిగిన అమ్మాయి ఆ బాబును ఇక అల్లరివాడని పిలవదు. ఈ ఒక్క అభ్యాసాన్ని పిల్లల మధ్య కనీసం యాభై రోజులు చేయని కోర్సుకు సర్టిఫికెట్ ఇవ్వకూడదని నా సవరించిన ప్రతిపాదన. గుంటూరు నాన్న గారు చెప్పినట్టు, ప్రైవేటు ప్రీ స్కూళ్లకూ ఇదే నియమం వర్తించాలి.

వాగు అవతల

సెక్టారు మీటింగు మేడం అన్న మాట గుచ్చుకుంది, కానీ నిజం. చేరిన తొలి ఏళ్లలో నేనూ బెత్తం పెట్టుకున్నాను.

పలకా బలపం మేడం చెప్పిన యాభై రోజులకు నేను సిద్ధమే, నాలుగు సంగతులు తేలితే. ఆ రోజుల్లో ట్రాకర్ పనీ, బరువులూ, ఇంటింటి సందర్శనలూ నా మీద ఉండకూడదు. పక్క కేంద్రం టీచరు నా దగ్గరికి, నేను ఆమె దగ్గరికి వెళ్లి చూసుకునే వీలు ఉండాలి. చదువు పూర్తయ్యాక గౌరవ వేతనం పెరగాలి. కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన మొత్తం 2018లో టీచరుకు 4,500, ఆయాకు 2,250 అయింది. పైది రాష్ట్రాలు కలిపి ఇస్తున్నదే. చదువు పెంచుతామంటూ వేతనం అక్కడే ఉంచితే ఆ చదువు మాకు ఇంకొక రిజిస్టరు అవుతుంది. నాలుగోది ఆయాకు సంబంధించినది. నిన్న మధ్యాహ్నం గిన్నెలు కడిగాక ఈ చర్చ అంతా ఆమెకు చదివి వినిపించాను. గుడ్ల సంగతి దగ్గర నవ్వి, ‘అది నేనూ చేస్తా గదా’ అంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. వెళ్లేముందు ఒకటే అడిగింది: ‘ఆ పరీక్ష రాయాలా, నోటితో చెప్పొచ్చా టీచరమ్మా?’ నాకు జవాబు తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

పలకా బలపం

నోటితో చెప్పవచ్చని ఆమెతో చెప్పండి. తన భాషలోనే చెప్పవచ్చు, ఎక్కువ భాగం పిల్లల మధ్య చేసి చూపించాలి. నా ప్రతిపాదనలో ఆయాల సర్టిఫికెట్‌కు రాత పరీక్ష పెట్టాను. ఆ వాక్యాన్ని ఇప్పుడే కొట్టేశాను. గమనించిన దాన్ని ఆమె చెబుతుంటే పక్కన కూర్చుని రాసుకునే పని పరీక్షకుల మీద పెడుతున్నాను. ఆ పరీక్షకులకు కోయ వచ్చి ఉండాలి. అలాంటి మనుషులు మీ వైపు ఎవరున్నారో, మీ సెక్టారులో అడిగి చెప్పగలరా?