నెట్రిన్-1: దూరం నుంచి లాగుతుందా, దారి పొడవునా పట్టు ఇస్తుందా?

పెదవాల్తేరు: ఏయూ ఎమ్మెస్సీ పిల్లల సెమినార్ కోసం అడుగుతున్నాను. వెన్నుపాము అడుగునున్న ఫ్లోర్ ప్లేట్ నుంచి నెట్రిన్-1 అనే ప్రొటీన్ వ్యాపించి, పైనుంచి దిగే కమిషరల్ ఆక్సాన్లను (మధ్యగీత దాటి అవతలి వైపుకు వెళ్లే నరాల పోగులను) తన వైపు లాగుతుందని పాఠ్యపుస్తకం చెబుతోంది. అది పాతబడిందంటున్నారు. నిజమేనా?

మద్దిలపాలెం: పాతబడిందండీ. 2017లో చిట్టెలుకల్లో ఒక్క ఫ్లోర్ ప్లేట్‌లోనే నెట్రిన్-1 జన్యువును తీసేస్తే, వెనుకమెదడులో ఆక్సాన్లు మధ్యగీతను దాటనే దాటాయి. వెంట్రిక్యులర్ జోన్ (లోపలి కుహరాన్ని ఆనుకుని ఉన్న పొర) కణాల్లో తీసేసినప్పుడు దారి తప్పాయి. ఆ కణాల పొడవాటి కాళ్లు నెట్రిన్‌ను బయటి అంచుకు చేరుస్తాయి. ఆక్సాన్ కొసనున్న గ్రోత్ కోన్ అక్కడ అంటుకున్న ప్రొటీన్‌ను పట్టుకుని పాకుతుంది. దూరపు పిలుపు అక్కర్లేదు.

సీతమ్మధార: వెనుకమెదడులో చూసినదాన్ని వెన్నుపాముకు అంటగట్టకండి మాస్టారూ. 2019లో రెండు బృందాలు వెన్నుపామునే పరీక్షించాయి. ఫ్లోర్ ప్లేట్ నెట్రిన్ పోయినా లోపాలు కనిపించాయి, రెండు చోట్లా పోతే అవి బాగా ముదిరాయి. పైగా ఫ్లోర్ ప్లేట్ నుంచి వచ్చే సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే మరో ప్రొటీన్ కూడా ఆక్సాన్లను లాగుతుంది. ఒకటి తీసేసినా రెండోది పని చేస్తుంటే, మొదటిదానికి పనే లేదని ఎలా అంటాం?

మద్దిలపాలెం: వెన్నుపాము విషయం ఒప్పుకుంటాను. కానీ కొలాజెన్ జెల్ ప్రయోగాన్ని దూరపు పిలుపుకి రుజువుగా చూపడం ఆపాలి.

గాజువాక: అదొక్కటీ సరిగ్గా పట్టారు. ఎలుక 13వ రోజు పిండం వెన్నుపాము పైభాగం ముక్కను, నెట్రిన్ స్రవించే కణాల ముద్దకు 100 నుంచి 300 మైక్రాన్ల దూరంలో కొలాజెన్ జెల్‌లో పెడతారు. ఆక్సాన్లు బయటికొస్తే పెరుగుదల రుజువైంది, అంతే. దారి చూపిందనాలంటే అవి ముద్ద వైపు మలుపు తిరగాలి. ముక్క కోసేటప్పుడు ఫ్లోర్ ప్లేట్ పిసరు అంటుకుని వచ్చినా ఫలితం చెడుతుంది. నెట్రిన్ లేని కణాల ముద్దతో కంట్రోల్ పక్కనే ఉండాలి. కొలాజెన్‌ను మంచు మీదే కలపాలి, బైకార్బనేట్ తక్కువైతే 37 డిగ్రీల్లో పెట్టినా గడ్డకట్టదు. ఇంకోటి, లామినిన్ అనే ప్రొటీన్ పూసిన పళ్లెంలో గ్రోత్ కోన్‌లో సైక్లిక్ ఏఎంపీ (కణం లోపల సంకేతాలు మోసే అణువు) తగ్గి, అదే నెట్రిన్ ఆకర్షించే బదులు తరిమేస్తుంది. ఏ పూత వేశారో రాయని ఫలితాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

పెదవాల్తేరు: మరి కోడిగుడ్లతో చూపించవచ్చా? ఇక్కడ అవే తేలిగ్గా దొరుకుతాయి.

సీతమ్మధార: చూపించండి, కానీ జాగ్రత్త. 1994లో నెట్రిన్‌లను వేల కోడిపిండాల మెదళ్ల నుంచే శుద్ధి చేశారు, సంస్కృత 'నేతృ' నుంచి పేరు పెట్టారు. అయితే కోడిలో నెట్రిన్-1 ఫ్లోర్ ప్లేట్‌లో, నెట్రిన్-2 వెన్నుపాము కింది వైపు మూడింట రెండొంతుల్లో ఉంటాయి. చిట్టెలుకలో ఆ రెండు చోట్లా నెట్రిన్-1 ఒక్కటే. కోడిలో నెట్రిన్-1ని మాత్రమే అణిచి, దారి తప్పలేదని తేల్చేస్తే అది తప్పుడు తీర్పు. ఇంకో మాట, మన విశాఖ ఉక్కలో చల్లటి గదిలోంచి తీసిన గుడ్డుకు చెమట పడుతుంది, పెంకు రంధ్రాల్లోంచి బ్యాక్టీరియా లోపలికి పోతుంది. గుడ్డు గది వేడికి వచ్చి, తడి ఆరాకే ఇంక్యుబేటర్‌లో పెట్టండి.