ఇంట్లో చూసి సినిమాకి తీర్పు చెప్పొచ్చా?

రెండో_ఆట:

ఏ సినిమా గురించైనా నాలుగు మాటలు రాస్తే చాలు, "ఎక్కడ చూశారు? ఇంట్లోనా? అయితే చూసినట్టు కాదు" అని ఎవరో ఒకరు అంటున్నారు. ఈ వాదన నాకు మింగుడు పడటం లేదు. సినిమాలో అసలు సరుకెంతో తేలేది ఇంట్లోనే అని నా నమ్మకం. హాల్లో ఈలలు, చప్పట్లు, చెవులు దద్దరిల్లే నేపథ్య సంగీతం కలిసి పేలవంగా ఉన్న సీన్‌ని కూడా లాక్కెళ్లిపోతాయి. ఇంట్లో ఆ సాయం ఉండదు. రాసిన మాట, నటుడి ముఖం, ఈ సీన్ తర్వాత ఆ సీన్ ఎందుకొచ్చిందన్న లెక్క, ఇవే మిగులుతాయి.

'మాయాబజార్' 1957 నాటిది. ఇక్కడ రాసేవాళ్లలో దాన్ని మొదటి విడుదలలో చూసినవాళ్లు ఉంటారనుకోను. 2010లో రంగులద్ది మళ్లీ వదిలినప్పుడు కొందరు హాల్లో చూసి ఉంటారు. మిగతావాళ్లం టీవీలో, ప్రకటనల మధ్య, అమ్మ పిలిస్తే లేచివెళ్లి వచ్చి చూసినవాళ్లమే. అయినా శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి చూపు, నడక మార్చే సీన్లు వస్తే ఇవాళ్టికీ ఛానెల్ మార్చబుద్ధి కాదు. తెలుగువాళ్లంతా ఏకాభిప్రాయంతో గొప్పదనే సినిమాకి మా తరంలో ఆ పేరు నిలబెట్టింది ఇళ్లలోని టీవీలే.

'ఖలేజా' సంగతి చూడండి. 2010లో హాళ్లలో ఆడలేదు. దేవుడి కోసం ఎదురుచూసే ఊరు, ఆ ఊరికి దొరికిన దేవుడేమో నోటికొచ్చినట్టు మాట్లాడే టాక్సీ డ్రైవరు. ఆ రోజు మహేశ్ బాబు సినిమా అని వెళ్లినవాళ్లకి అది ఎక్కలేదు. టీవీలో పదేపదే వేస్తుంటే మాటలు చెవిలో పడ్డాయి, తర్వాత మాటల వెనకున్న ఆలోచన పట్టుబడింది. 2025 మేలో మళ్లీ విడుదల చేస్తే టికెట్ల కోసం ఎగబడ్డారు. వాళ్లకి ఆ డైలాగులు కంఠతా వచ్చింది ఇళ్లలోనే కదా!

దీనికి ఎదురు ఉదాహరణ 'వి'. నాని 25వ సినిమా, 2020 సెప్టెంబరులో నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. హీరో ప్రవేశం, వెనక్కి తిరిగి చూడటం, స్లో మోషన్‌లో నడక, అన్నీ ఈలల కోసం ఖాళీ వదిలి తీసినవి. ఇంట్లో ఆ ఖాళీలు ఖాళీల్లాగే కనిపించాయి. అదే ఏడాది నవంబరులో అదే ప్రైమ్‌లో వచ్చిన 'మిడిల్ క్లాస్ మెలోడీస్'లో ఊళ్లో హోటలు నడిపే తండ్రి, గుంటూరులో బొంబాయి చట్నీతో పేరు తెచ్చుకోవాలనుకునే కొడుకు తిట్టుకుంటుంటే నాకు రిమోట్ గుర్తే రాలేదు. గోపరాజు రమణ గారు కొడుకు మీద అరిచే ప్రతి అరుపులోనూ ప్రేమ వినిపిస్తుంది. ఆ సినిమాకి పెద్ద తెర దొరకలేదు, దానివల్ల పోయిందీ ఏమీ లేదు.

సౌండ్‌పిచ్చి:

రెండో_ఆట గారూ, మీరు మీకు అనుకూలమైన సినిమాలే ఏరుకున్నారు. మాటల మీద నడిచే సినిమా ఇంట్లో బాగానే ఉంటుంది. దాన్నిబట్టి సినిమా అంటే మాటలే అని తేల్చేస్తే ఎలా? 'వి'ని హాలు కోసం తీశారు, విడుదల సమయానికి హాళ్లు మూతబడి ఉన్నాయి. పెళ్లి భోజనాన్ని మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీసుకు తిని వంటవాణ్ని తప్పుపట్టినట్టుంది మీ తీర్పు.

'ఈగ' (2012) తీసుకోండి. నేను దాన్ని హాల్లోనూ చూశాను, ఇంట్లోనూ చూశాను. హాల్లో ఆ రెక్కల చప్పుడు ఎడమ చెవి పక్కనుంచి తల వెనక్కి వెళ్లి కుడివైపు తేలుతుంది. విలన్‌కి పట్టిన పిచ్చి ఏమిటో అప్పుడే మనకీ ఒంటికి తెలుస్తుంది. ఇంట్లో అదే సీన్ నవ్వు తెప్పిస్తుందంతే. హాల్లో నవ్వు, భయం రెండూ కలిసి వచ్చాయి. ఆ భయం కూడా రాసిందే, కాకపోతే శబ్దంతో రాశారు.

ఇంకో సంగతి. చాలామంది "ఇంట్లో చూశాం" అనేది అసలు ఆ సినిమానే కాదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. కొత్త టీవీల్లో చాలావాటిలో కదలికని నున్నగా చేసే సెట్టింగు ముందే ఆన్ చేసి ఉంటుంది. అది లేని ఫ్రేముల్ని తనే పుట్టించి మధ్యలో ఇరికిస్తుంది. లక్షలు పోసి లైటింగ్ చేసిన సీను డైలీ సీరియల్ వాలకంలోకి వచ్చేస్తుంది. స్కోప్‌లో, అంటే బాగా వెడల్పాటి బొమ్మగా తీసిన సినిమాకి పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి కదా, అవి నచ్చక జూమ్ నొక్కేవాళ్లున్నారు. అలా నొక్కితే బొమ్మ వెడల్పులో దాదాపు పావు వంతు పోతుంది. ఇద్దరు మాట్లాడుకునే సీన్లో ఒకరి చెవి, ఇంకొకరి భుజం మాత్రమే మిగలొచ్చు. ఇక శబ్దం. హాల్లో మాటలు మధ్య స్పీకర్ నుంచి వస్తాయి. ఇంట్లో అన్నిటినీ కలిపి టీవీ అడుగునున్న రెండు చిన్న స్పీకర్లలోకి కుదిస్తారు. అందుకే గుసగుసలు వినపడవు, ఫైట్ రాగానే ఇల్లు అదిరిపోతుంది. ఇన్ని పోగొట్టుకుని చూసి "రాత బాగాలేదు" అంటే నేను ఒప్పుకోను.

రెండో_ఆట:

సెట్టింగుల విషయంలో మీరు చెప్పింది అక్షరాలా నిజం, అందరూ ముందు ఆ నున్నదనం ఆపేయండి. కానీ అది టీవీ మీద ఫిర్యాదు, ఇంట్లో చూడటం మీద కాదు.

పెద్ద సినిమాలకి ఇల్లు పనికిరాదన్న మాటకి 'ఆర్ఆర్ఆర్' గుర్తు చేస్తాను. 2022 మే 20న దాని హిందీ రూపం నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. అంతకుముందు తెలుగు సినిమా పేరైనా వినని అమెరికావాళ్లు ఎందరో దాన్ని ఇంట్లో కూర్చుని, అదీ డబ్బింగులో, సబ్‌టైటిల్స్ చదువుతూ చూశారు. మీ లెక్క ప్రకారం వాళ్లకి దక్కింది సినిమాలో ఏ మూలో. అయినా జూన్ 1న అక్కడ హాళ్లలో మళ్లీ వేస్తే వెళ్లారు. సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్‌లోని చైనీస్ థియేటర్లో 'నాటు నాటు'కి తెర ముందుకెళ్లి గెంతారు. ఇంట్లో నచ్చబట్టే ఆ మాట అంత దూరం పాకింది. రామ్, భీమ్‌ల స్నేహం అంత గట్టిగా రాసుకోకపోతే లారీలోంచి జంతువులు దూకే ఆ సీను చిన్న తెర మీద ఉత్త గ్రాఫిక్స్‌గా మిగిలేది.

కృష్ణలంక:

రెండు వైపులా మంచి పాయింట్లే. కానీ మా ఇంట్లో ఇది అభిరుచి సమస్య కాదండీ, డబ్బు సమస్య. నలుగురం మల్టీప్లెక్స్‌కి వెళ్లి వస్తే ఆ నెల ఇంకేదో ఒకటి మానుకోవాలి. అందుకే హాలుకి వెళ్లేది పెద్ద సినిమాకే. చిన్న సినిమా కొన్ని వారాల్లో ఫోన్లోకి వచ్చేస్తుందని అందరికీ తెలుసు. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి మరీ చర్చించుకున్న విషయాల్లో హాల్లో పడ్డాక ఎన్నాళ్లకి ఓటీటీలో వేయాలన్న ఈ గడువు ఒకటి, ఎనిమిది వారాలు ఉండాలన్నారు. గడువు ఎంత పెట్టినా 'అంటే సుందరానికీ' లాంటి సినిమాకి మేము ఇంట్లోనే ప్రేక్షకులం. ఆ సినిమా నాకు చాలా ఇష్టం. ముందుకీ వెనక్కీ తిరిగే కథ, దాదాపు మూడు గంటలు. రెండు రాత్రులు పంచుకుని చూశాం. అబద్ధాలు ఒక్కొక్కటే బయటపడే చివరి గంటలో మా నాన్నగారు నాని బాధ చూసి నిద్ర ఆపుకుని కూర్చున్నారు.

సాయంత్రం_కాఫీ:

అందరూ 'ఇల్లు' అంటున్నారు. ఇంట్లో ఎవరికి అది హాలు, ఎవరికి కాదు అని ఒక్కరూ అడగలేదు. మీ ఇళ్లలో సినిమా మొదలయ్యాక మంచినీళ్లకి లేచేది ఎవరు? కుక్కర్ కూత లెక్కపెట్టేది ఎవరు? రెండో_ఆట గారు "ఇంట్లో రాత, నటన మాత్రమే మిగులుతాయి" అన్నారు. నాకు ఇంట్లో మిగిలేది సినిమాలో సగం. ఏ సగమన్నది కూడా నా చేతిలో ఉండదు.

'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' 2021 జనవరిలో వచ్చిన మలయాళ సినిమా. పెళ్లయి అత్తింటికొచ్చిన అమ్మాయి, వంటిల్లు, అంతే. తరగడం, రుబ్బడం, కడగడం, సింకు కింద కారుతున్న నీళ్లు. ప్లంబర్ని పిలవమని ఆమె ఎన్నిసార్లు అడిగినా భర్తకి పట్టదు. నేపథ్య సంగీతం దాదాపు లేదు, వంటింటి చప్పుళ్లే. ఆ చప్పుళ్లు తెరలోంచి వస్తున్నాయా మా వంటింట్లోంచా అన్నది తెలియని స్థితిలో చూశాను. బల్ల మీద ఎంగిలి మెతుకులు వదిలేసి మగవాళ్లు లేచిపోయే సీను నడుస్తుండగా మా ఇంట్లో ఒకరు టీ అడిగారు. నేను లేవలేదు. ఆ సినిమా ఏ ఐమ్యాక్స్‌లో చూసినా నా మీద అంత పని చేసేది కాదు.

అలాగని సౌండ్‌పిచ్చి గారి మాట కొట్టిపారేయను. 'సాగర సంగమం'ని చిన్నప్పటి నుంచీ టీవీలో ముక్కలు ముక్కలుగానే చూశాను. కమల్ హాసన్ బావి గట్టు మీద తాగి ఆడే డాన్స్ తెలుసు, పాటలు తెలుసు. ఎవరూ పిలవని చోట, మొదటి నుంచి చివరిదాకా చీకట్లో కూర్చుని ఆ సినిమా చూడాలని నాకు చాలా ఏళ్లుగా కోరిక. హాలు నాకిచ్చేది పెద్ద తెర మాత్రమే కాదండీ, రెండున్నర గంటలు ఎవరికీ అందకుండా ఉండే వీలు.

సౌండ్‌పిచ్చి:

సాయంత్రం_కాఫీ గారూ, నేను చెప్పాలనుకుని సెట్టింగుల్లో పడి చెప్పని మాట మీరు చెప్పారు. 'జై భీమ్' గురించి కూడా ఇదే నా బాధ. 2021 నవంబరులో నేరుగా ప్రైమ్‌లో వచ్చింది. లాకప్ సీన్లు వచ్చేసరికి నాకు తెలిసినవాళ్లు చాలామంది ముందుకి జరిపేశారు, "చూడలేకపోయాం" అన్నారు. చూడలేకపోవడమే ఆ సీన్ల పని. కొట్టేవాడు ఆగడు, మనమూ ఆపలేం, అప్పుడే కోర్టులో ఒక్కో మాట బరువు తెలుస్తుంది. పది సెకన్లు జరిపే మీట చేతిలో ఉన్నవాడికి ఆ కోర్టు సీన్లు మామూలు గెలుపుగా అనిపిస్తాయి.

మానేరు:

మాది సిరిసిల్ల వైపు. 'బలగం' గురించి ఎవరూ ఎత్తలేదేంటా అని చూస్తున్న. 2023 మార్చి మొదట్లో హాళ్లలోకి వచ్చింది, నెల తిరగకముందే ప్రైమ్‌లో ఉంది. నేను ఫోన్లో చూసిన. బాగుంది అనుకున్న. కొమురయ్య పోయాక కాకి పిండం ముట్టదు, బామ్మర్ది పెండ్లిలో నల్లి బొక్క దగ్గర మొదలైన పంచాయితీ ఏండ్ల తరబడి రెండు ఇండ్లను విడగొట్టింది, ఇదంతా మాకు తెలిసిన కథే. డైరెక్టర్ వేణు గారు మావైపు మనిషే, సంగతులు ఎరిగి తీసిండు.

తర్వాత ఊర్లల్ల తెర కట్టి చూపించుడు మొదలైంది. మా దగ్గర కూడా రాత్రిపూట అందరూ కింద కూర్చుని చూసిండ్రు. చివర్ల కొమురమ్మ, మొగిలయ్య పాట వచ్చేసరికి ముసలోళ్లు గట్టిగ ఏడ్చిండ్రు. నేను ఫోన్లో అదే పాట విన్నప్పుడు నా కంట్ల నీళ్లు రాలే. శబ్దం హాలంత మంచిగ లేదు, బొమ్మ అటూఇటూ ఊగింది, పక్కన పిల్లలు లొల్లి. సౌండ్‌పిచ్చి అన్న చెప్పిన లెక్కల ఏ ఒక్కటీ అక్కడ సరిగ లేదు. రెండో_ఆట అన్న చెప్పినట్టు ఒంటరిగ రాతను తూచుడు కూడా కాదది. తెర ముందర కూర్చున్నోళ్లల్ల మాటల్లేని అన్నదమ్ములు ఉన్నరని ఊరందరికీ ఎరుకే. అందుకే ఏడుపొచ్చింది.

రెండో_ఆట:

మానేరు గారూ, ఫోన్లో నచ్చింది, ఊళ్లో ఏడిపించింది అన్నారు. నేను పట్టుకునేది మొదటి ముక్కని. ఫోన్లో కూడా బాగుందనిపించే సినిమా కాబట్టే ఊళ్లో అంత పని చేసింది. తెర కట్టి చూపించినంత మాత్రాన ఏ సినిమాకీ జనం అలా ఏడవరు. 'కలర్ ఫోటో' 2020లో నేరుగా ఆహా ఓటీటీలో వచ్చింది. ముందు హాళ్లలో పడకుండానే ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. సుహాస్ ముఖం చూడటానికి పెద్ద తెర అక్కర్లేదు. తన రంగు గురించి ఎవరో అన్న మాట విని అతను నవ్వడానికి ప్రయత్నించే తీరు ఆరంగుళాల ఫోన్లో కూడా గుచ్చుకుంటుంది.

సాయంత్రం_కాఫీ గారి మాట మాత్రం నా వాదనలో లేని విషయం. నేను ఇల్లంటే నా గది, తలుపేసుకుని ఒక్కడినే కూర్చోవడం అనే లెక్కలో మాట్లాడాను. అందరికీ ఆ గది లేదన్నది నిజం. అయినా లాకప్ సీన్లు జరిపేసినవాళ్ల తీర్పుని నేను లెక్కలోకి తీసుకోను, ఎక్కడ చూసినా సరే. హాల్లో ఫోను చూసుకుంటూ కూర్చున్నవాడి తీర్పుని కూడా.

సాయంత్రం_కాఫీ:

జరిపేసినవాళ్లు వేరు, లేవాల్సి వచ్చినవాళ్లు వేరండీ. ఆ రెండింటినీ ఒక గాటన కట్టకండి. నేను లేచి వెళ్లిన సీన్లని రాత్రి అందరూ పడుకున్నాక వెనక్కి తిప్పి చూసుకుంటాను. 'మాయాబజార్'లో "లాహిరి లాహిరి" పాటని అలాగే చూశాను, వాల్యూమ్ బాగా తగ్గించి. కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే తీసిన ఆ వెన్నెలని నీళ్ల మీద నిదానంగా చూడగలిగింది అప్పుడే. ఇంటికి నేనిచ్చే మార్కులు ఆ అర్ధరాత్రి వేళకే. పగటి ఇంటికి ఇవ్వను.