ఇప్పుడు వెలిగిపోతున్న వాళ్ల ఆటోగ్రాఫ్‌లకి ముందుముందు విలువ ఉంటుందా?

నీలికలం:
మా బాబాయి పోయాక ఆయన ఆటోగ్రాఫ్ పుస్తకం నా దగ్గరికి వచ్చింది. ఆటగాళ్లు, సినిమా వాళ్లు, ఇద్దరు రచయితలు, ఒక శాస్త్రవేత్త ఉన్నారు అందులో. మొదటి పేజీలో ఉన్న నటుడంటే ఆ రోజుల్లో జనం పడిచచ్చేవాళ్లట, ఇప్పుడు మా పిల్లలకి ఆయన ఎవరో కూడా తెలీదు. అది చూశాక నాకో సందేహం పట్టుకుంది. నేను కూడా ఇప్పటివాళ్ల సంతకాలు సేకరించాలనుకుంటున్నాను, కానీ ఈ రోజు ఇంత పేరున్నవాళ్ల సంతకం ఇంకో నలభై యాభై ఏళ్లకి ఎవరికైనా కావాలా? ఎవరిది నిలుస్తుందో ముందే చెప్పగలమా? ఇంకోటి, తెలిసినాయన ఒకరు పేజీలు విడదీసి ఒక్కోటీ ఫ్రేమ్ కట్టించమంటున్నారు. చేయొచ్చా?

పాతసిరా:
ముందు పేజీలు మాత్రం విడదీయకండి, దాని సంగతి ఎవరైనా వివరంగా చెప్తారు. మీ అసలు ప్రశ్నకి వస్తే, పేరు ఒక్కటే ధర పెంచదండీ. ఆ మనిషి సంతకాలు ఎన్ని మిగిలాయి, అవి కావాలనుకునేవాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారు, ఈ రెండూ కలిస్తేనే విలువ. బటన్ గ్విన్నెట్ అనే పేరు మీరు విని ఉండరు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన 56 మందిలో ఒకడు, మరుసటి ఏడాదే, 1777లో, ద్వంద్వయుద్ధంలో తగిలిన గాయంతో పోయాడు. ఆయన రాసినవి చాలా కొద్దిగా మిగిలాయి. ఆ 56 మందివీ పూర్తిగా సేకరించాలనుకునే ప్రతివాడికీ ఆయనది దొరికి తీరాలి, అందుకే 2010లో ఆయన సంతకమున్న ఉత్తరం ఒకటి వేలంలో 7 లక్షల డాలర్లు దాటింది. అదే బృందంలో ఆయనకంటే ఎన్నో రెట్లు పేరున్న, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్ ఉత్తరాలు అంతకన్నా చాలా తక్కువకి దొరుకుతాయి, ఎందుకంటే ఆయన జీవితమంతా ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు.

ఇప్పటి తారలు ఒక్క కార్యక్రమంలోనే వందల సంతకాలు పెడుతున్నారు. ఆ అభిమానుల తరం వెళ్లిపోయాక అవన్నీ ఒకేసారి బయటికొస్తాయి, కొనేవాళ్లు మాత్రం ఉండరు. అందుకే నా లెక్క ఎప్పుడూ ఒకటే: ఈ మనిషి చేసిన పని తర్వాతి తరం వాళ్లకి కూడా అవసరమవుతుందా? ఆటలో ఒక రికార్డు, సైన్సులో ఒక సిద్ధాంతం, పాఠ్యపుస్తకంలోకి ఎక్కిన ఒక సంఘటన, ఇలాంటివి మనిషి పోయాక కూడా కొత్త అభిమానుల్ని తెచ్చిపెడతాయి. మీ పుస్తకంలో నేనైతే ముందు ఆ శాస్త్రవేత్త పేజీ చూస్తాను.

గుర్రపుడెక్క:
పాతసిరా గారు చెప్పింది చాలావరకు నిజమే కానీ, ఎక్కువ సంతకాలు పెడితే విలువ పడిపోతుందనడం అన్నిచోట్లా కుదరదు. బేస్‌బాల్ ఆటగాడు బేబ్ రూత్ అడిగినవాళ్లకి లేదనకుండా పెట్టేవాడు, ఆయన పోయింది 1948లో, ఇప్పటికీ ఆయన సంతకమున్న బంతికి మంచి ధర పలుకుతుంది. కావాలనుకునేవాళ్లు తగ్గకపోతే ఎన్ని ఉన్నా సరిపోవు. ఇంకోవైపు పేరు చెడితే ఆ దెబ్బ వెంటనే తగులుతుంది. సైక్లిస్ట్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ నిషేధించిన మందులు వాడాడని తేలి, టూర్ డి ఫ్రాన్స్ పందెం టైటిళ్లన్నీ 2012లో తీసేశాక ఆయన సంతకాల మీద మోజు ఎలా పోయిందో చూశాం కదా.

చందమామ మీద నడిచిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది మరో కథ. తన సంతకాలు అమ్ముకుంటున్నారని తెలిసి 1990ల్లో పెట్టడమే మానేశాడు. దాంతో గిరాకీ పెరిగింది, నకిలీలూ పెరిగాయి.

మీరు కొత్తగా సేకరించేటప్పుడు అసలు టెన్షన్ అక్కడే. నకిలీ అంటే ఎవడో మోసగాడు చేసిందే అనుకోకండి. బీటిల్స్ అనే సంగీత బృందానికి వచ్చిన అభ్యర్థనలకి వాళ్ల రోడ్ మేనేజర్లు చాలాసార్లు వాళ్ల బదులు సంతకాలు పెట్టారు, నటి జీన్ హార్లో ఫొటోల మీద వాళ్లమ్మ పెట్టేది, అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కార్యాలయంలో ఆయన బదులు సంతకం పెట్టే ఆటోపెన్ అనే యంత్రం పనిచేసేది. ఇక మోసాలంటారా, అమెరికాలో ఎఫ్‌బీఐ ఒక ముఠాని పట్టుకున్నప్పుడు మదర్ థెరెసా సంతకమున్న బేస్‌బాల్ బంతులు కూడా దొరికాయి! పోస్టులో వచ్చిన ఫొటోకంటే కళ్ల ముందు పెట్టించుకున్న కాగితం ముక్క మేలని నేను గట్టిగా నమ్ముతాను.

నీలికలం:
ఇద్దరికీ థాంక్సండీ. శాస్త్రవేత్త పేజీ ఇప్పుడే మళ్లీ చూశాను. ఒట్టి సంతకం కాదు, బాబాయి పేరు రాసి, ఆయన అడిగిన ఏదో ప్రశ్నకి రెండు వాక్యాల్లో జవాబు రాశారు. పేరు రాసి ఉంటే ధర తగ్గుతుందని ఎక్కడో చదివాను, నిజమేనా?

కాగితంపువ్వు:
సినిమా తారల ఫొటోల మీదైతే కొంచెం తగ్గుతుంది, కొనేవాడికి ఇంకొకరి పేరు అక్కర్లేదు కదా. కానీ మీ పేజీ వేరు. రాసిన విషయమే అక్కడ సొత్తు. 1922లో టోక్యో హోటల్లో ఐన్‌స్టీన్ టిప్పుకి బదులు ఒక కుర్రాడికి చిన్న చీటీ రాసిచ్చాడు, ప్రశాంతంగా బతకడం గురించి ఒక వాక్యం, అంతే. 2017లో అది 15 లక్షల డాలర్లు దాటింది. ఒట్టి సంతకమైతే అందులో ఏ మూలకీ వచ్చేది కాదు. మీ బాబాయి ఏం అడిగారో ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే ఇప్పుడే రాసిపెట్టుకోండి, ఎప్పుడు, ఎక్కడ కలిశారో కూడా. ఆయన అక్కడ ఉన్న ఫొటోగానీ, టికెట్టుగానీ దొరికితే బంగారమే.

పేజీలు విడదీస్తే పోయేది ఇదే. ఒకే పుస్తకంలో, ఒకే కాలంలో, రకరకాల సిరాల్లో పక్కపక్కన ఉన్న సంతకాలు ఒకదానికొకటి సాక్ష్యం. లామినేషన్ అసలొద్దు, సెల్లోటేపు వద్దు, ఎండ తగిలే గోడకి తగిలించొద్దు, స్కెచ్ పెన్ను సంతకాలు వెలుతురికి ఇట్టే వెలిసిపోతాయి. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, తేమ లేని చోట, పడుకోబెట్టి ఉంచండి. గోడ మీద పెట్టుకోవాలని ఉంటే మంచి స్కాన్ తీసి ఆ కాపీకి ఫ్రేమ్ కట్టించండి.

మొదటి పేజీ నటుడికి పెద్దగా ధర రాకపోవచ్చు, కానీ ఆయన్ని కూడా అక్కడే ఉండనివ్వండి. మీ సేకరణ మాత్రం వేరే పుస్తకంలో మొదలుపెట్టండి, దీంట్లో ఒక్క గీత కూడా కలపకండి.