జూడోలో నేర్పే పడటం సిమెంటు నేల మీద పనికొస్తుందా?

ఉప్పల్ స్వాతి:
మా అపార్ట్‌మెంట్‌లో సెల్లార్ నుంచి లిఫ్ట్ దాకా అంతా గ్రానైటే. వానాకాలంలో అమ్మ నడుస్తుంటే నాకు టెన్షన్. తమ్ముడికి జూడో క్లాసులో ముందు పడటమే నేర్పారు, దాన్ని ఉకేమి అంటారట. అది అమ్మకీ నేర్పించాలంటాను నేను. అరవై దాటిన మనిషిని కావాలని పడేయడమేంటని నాన్న కోప్పడుతున్నారు. మీరేమంటారు?

మలక్‌పేట బైకర్:
నాన్నగారు చెప్పిందే కరెక్ట్. మ్యాట్ మీద నేర్చుకున్నది మ్యాట్ మీదే పనికొస్తుంది. వాళ్లు పడగానే అరచేత్తో నేలను గట్టిగా చరుస్తారు, అదే రోడ్డు మీద చేస్తే చెయ్యి ఏమవుతుంది? అసలు జారేటప్పుడు ఆలోచించే టైమ్ ఎక్కడుంటుంది?

నల్లకుంట జూడో:
చరచడం గురించి మీరన్నది నిజమే అన్నా, కాంక్రీటు మీద నేనైనా చరచను. కానీ ఉకేమి అంటే అదొక్కటే కాదు. గడ్డం ఛాతీకి ఆనించాలి, లేదంటే తల వెనక్కి వాలి నేలకి కొట్టుకుంటుంది. చెయ్యి కర్రలా చాచకూడదు, చాస్తే బరువంతా మణికట్టు మీదో కాలర్ బోన్ మీదో పడి విరుగుతుంది. మోకాళ్లు వంచి, ఒళ్లు గుండ్రంగా చేసి దొర్లిపోతే దెబ్బంతా తుంటి దగ్గరే ఆగకుండా పిర్ర, వీపు, భుజం దాకా పరుచుకుంటుంది, ఒళ్లు ఆగడానికీ కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అందుకే ఎముక మీద బలం తగ్గుతుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు జూడో వచ్చినవాళ్లని మోకాళ్ల మీద నుంచి పక్కకి పడమని కొలిచి 2007లో ప్రచురించారు: తుంటి మీద దెబ్బ నాలుగో వంతుకు పైగా తగ్గింది, చేత్తో నేలని చరిచినా చరచకపోయినా పెద్ద తేడా లేదు. 2008లో, అసలు రానివాళ్లకి అరగంట నేర్పితే వాళ్లకీ తగ్గింది, అంత కాకపోయినా.

మలక్‌పేట బైకర్:
వాళ్లంతా వయసులో ఉన్నవాళ్లే కదా, పడబోతున్నామని ముందే తెలుసు కదా! బండి హ్యాండిల్ పట్టుకున్నవాడికి, బకెట్ మోస్తున్న అమ్మకి అంత తీరిక ఉండదు.

నల్లకుంట జూడో:
అందుకే వందలసార్లు చేయిస్తారు అన్నా, ఆలోచించకుండానే ఒళ్లు వంగేలా. బండి వేగంలో మాత్రం నేనూ హామీ ఇవ్వను, అక్కడ హెల్మెట్టే దిక్కు. స్వాతి గారూ, అమ్మగారి ఎముకలు గుల్లబారాయేమో ముందు డాక్టరుకి చూపించండి. ఆయన సరేనంటే మందపాటి పరుపు మీద, కూర్చున్న చోటు నుంచే మొదలుపెట్టించండి, నేర్పే మనిషి పక్కనే ఉండాలి. వీడియోలు చూసి ఇంట్లో మాత్రం చేయించకండి. నెదర్లాండ్స్‌లో పెద్దవాళ్లకి బ్యాలెన్స్ వ్యాయామాలతో పాటే పడటం నేర్పుతున్నారు, రెండూ కలిపి అడగండి.