ఇసుక దిబ్బల మీద గోల్ఫ్ మైదానం: బాగా నడిపితే సరిపోతుందా, అసలు కట్టకూడదా?

తీరపునడక (అబర్డీన్, స్కాట్లాండ్)

నిన్న మేనీ దగ్గర సముద్రపు ఒడ్డున మూడు గంటలు నడిచి వచ్చాను. మా ఊరికి ఉత్తరాన, కారులో అరగంట దూరం. ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, 2009లో, ఇదే చోట నడిచాను. అప్పుడు దిబ్బ మీద నిలబడితే చెవుల్లోకి, జేబుల్లోకి, చివరికి అన్నం డబ్బాలోకి కూడా ఇసుక దూరేది. చూస్తుండగానే దిబ్బ కొస పొగలా లేచి అవతలి వైపు జారేది. నిన్న గాలి అంతే జోరుగా వీచింది. ఇసుక మాత్రం లేవలేదు. వరుసలు తీసి నాటిన మర్రమ్ గడ్డి దాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. నడుమ పచ్చగా గోల్ఫ్ ఆట నేల.

తెలియనివారి కోసం రెండు మాటలు. ఆ దిబ్బల పేరు ఫోవరన్ లింక్స్. ఇసుక అలా స్వేచ్ఛగా కదిలే తీరాలు బ్రిటన్‌లో చాలా అరుదు కనుక 1984లో దానికి ప్రత్యేక శాస్త్రీయ ప్రాధాన్యమున్న స్థలంగా రక్షణ ఇచ్చారు. 2006లో డొనాల్డ్ ట్రంప్ ఆ పక్కనున్న ఎస్టేటు కొన్నారు. 2007లో స్థానిక కౌన్సిల్ సంఘం గోల్ఫ్ ప్రతిపాదనను తిరస్కరించింది. స్కాటిష్ ప్రభుత్వం ఆ ఫైలును తన చేతిలోకి తీసుకుని, ఆర్థిక ప్రయోజనం ఎక్కువని చెప్పి 2008లో అనుమతి ఇచ్చింది. 2012 జూలైలో ఆట మొదలైంది. 2020 డిసెంబరులో ప్రకృతి సంరక్షణ సంస్థ నేచర్‌స్కాట్ ఆ స్థలానికి రక్షణ హోదా తీసేసింది. కాపాడవలసిన లక్షణమే మిగలలేదన్నది వారి కారణం. ఇప్పుడు పక్కనే రెండో మైదానం కూడా తెరిచారు.

ఆ మైదానాన్ని శ్రద్ధగానే చూసుకుంటున్నారు, అది నేను కాదనను. నా ప్రశ్న ఒక్కటే. కదిలే దిబ్బను ఆపేశాక నీళ్లు పొదుపు చేసినా, మందులు తగ్గించినా దాన్ని పర్యావరణహితం అనవచ్చా? నా దృష్టిలో అనకూడదు. మీరేమంటారు?

ఆటవిడుపు (సౌత్‌పోర్ట్, ఇంగ్లండ్)

తీరపునడక గారూ, ఒక చోట జరిగిన అన్యాయాన్ని పట్టుకుని ఆట మొత్తాన్ని బోనులో నిలబెడుతున్నారు. నేను ఇరవై ఏళ్లుగా సెఫ్టన్ తీరంలో ఆడుతున్నాను. రాయల్ బర్క్‌డేల్, హిల్‌సైడ్ వంటి మైదానాలు ఇక్కడ రక్షిత దిబ్బల లోపలే ఉన్నాయి. అటూ ఇటూ ఇళ్లు, రోడ్లు, రైలు పట్టాలు. గోల్ఫ్ లేకపోతే ఈ దిబ్బల మీద ఎప్పుడో మేడలు లేచేవి.

ఇక్కడ నాటర్‌జాక్ అనే అరుదైన గోదురుకప్ప ఉంది. వీపు మీద పసుపు గీత ఉంటుంది. అది గెంతదు, ఎలుకపిల్లలా పరుగెడుతుంది. వసంతకాలం సాయంత్రాల్లో దిబ్బల మధ్య నీటిగుంటల నుంచి దాని అరుపు దూరందాకా వినిపిస్తుంది. గోల్ఫ్ నేలలో ఉన్న గుంటల్లో కూడా అది గుడ్లు పెడుతుంది.

లింక్స్ మైదానం, అంటే సముద్రపు ఒడ్డు ఇసుక నేల మీది గోల్ఫ్ మైదానం. ఆ సంప్రదాయమే సారం తక్కువ నేల మీద పుట్టింది. అక్కడ పెరిగే ఫెస్క్యూ గడ్డి ఎరువు ఎక్కువైతే చెడుతుంది, నీళ్లు ఎక్కువైతే చెడుతుంది. స్కాట్లాండ్ పశ్చిమ తీరంలో 2009లో తెరిచిన మాక్రిహానిష్ డ్యూన్స్ చూడండి. అదీ రక్షిత స్థలమే. 259 ఎకరాల్లో కదిపింది ఏడు ఎకరాలు. మిగతా గడ్డిని గొర్రెలు మేస్తాయి. ఇది ఆదర్శం కాదా?

తీరపునడక

మాక్రిహానిష్ విషయంలో మీతో నాకు తగాదా లేదు. అక్కడ దిబ్బ ఎక్కడ పల్లంగా ఉంటే అక్కడే ఆడారు. మేనీలో యంత్రాలు తెచ్చి, ఆట ఎక్కడ కావాలంటే అక్కడికి దిబ్బను తెచ్చారు. ఈ రెండింటికీ ఒకే పేరు, పర్యావరణహితం అనే ఒకే ప్రశంసాపత్రం ఇచ్చే పద్ధతి మీదే నా అభ్యంతరం.

మర్రమ్ గడ్డి సంగతి కూడా చెప్పాలి. అది ఇసుకలో పూడుతూ ఉంటేనే బలంగా పెరుగుతుంది, పూడిన కొద్దీ పైకి లేస్తుంది. ఇసుక రావడం ఆగితే అదే ముసలిదై పలచబడుతుంది. దాని వెనక వేరే గడ్డి, పొదలు కమ్ముకుంటాయి. పచ్చదనం పెరిగింది కదా అని చూసేవారు సంతోషిస్తారు. వట్టి ఇసుకలో మాత్రమే బతికే చిన్న మొక్కలు, పురుగులు ఆ పచ్చదనం కిందనే పోతాయి.

ఉత్తరగాలి (ఇన్వర్నెస్)

మీ ఇద్దరి మాటల్లో ఊరివాళ్లు కనిపించలేదు. మా హైలాండ్స్‌లో ఎంబో అనే పల్లె పక్కన కూల్ లింక్స్ దిబ్బలున్నాయి. 2018లో అక్కడ గోల్ఫ్ మైదానానికి కౌన్సిల్ సభ్యుల్లో పదహారు మంది అవునన్నారు, ఒక్కరు కాదన్నారు. ప్రభుత్వం మళ్లీ జోక్యం చేసుకుని 2020లో తిరస్కరించింది. ఆ తరువాత 2021లో స్థానికులు ఓటింగు పెట్టుకుంటే, ఓటు వేసినవారిలో ఎక్కువమంది మైదానం కావాలనే అన్నారు.

మైదానం వద్దన్నవారు చెప్పిన కారణాల్లో ఫొన్సెకా ఈగ ఒకటి. ప్రపంచంలో ఈ చిన్న తీరపు ముక్కలో తప్ప ఇంకెక్కడా కనబడని ఈగ అది. ఆ ఈగ పోకూడదని నాకూ ఉంది. కానీ నేను ఆ పల్లెల వైపు ఒక మందుల దుకాణంలో పని చేస్తాను. వచ్చేవారిలో సగంమంది డెబ్బై దాటినవారే. పిల్లలు చదువు కాగానే గ్లాస్గోకో ఎడింబరోకో వెళ్లిపోతారు, తిరిగి రారు. ఇరవై మైళ్లలో ఏడాది పొడుగునా జీతం ఇచ్చే పని ఎన్ని ఉన్నాయో చెప్పండి. ఈగ పక్షాన నివేదికలు రాసేవారు చాలామంది ఉన్నారు, ఈ పల్లె పక్షాన రాసేవారు లేరు. కోపంతో రాస్తున్నానని అనుకున్నా ఫరవాలేదు.

తీరపునడక

మీ కోపం న్యాయమైనదే. అయితే మేనీకి అనుమతి అడిగినప్పుడు కూడా వేల ఉద్యోగాలు, వంద కోట్ల పౌండ్ల పెట్టుబడి అన్నారు. హోటలు, వందల ఇళ్లు, అన్నీ కలిపి చూపించిన లెక్క అది. ఆ స్థాయిలో ఏదీ రాలేదు. దిబ్బ మాత్రం పోయింది. ఉద్యోగాలు వచ్చాక అనుమతి ఇచ్చే పద్ధతి ఎక్కడా లేదు. పోయేది ముందు పోతుంది.

గడ్డిపని (జగిత్యాల)

అందరికీ నమస్కారం. నేను పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో సముద్రం పక్కనున్న ఒక గోల్ఫ్ మైదానంలో గడ్డి పని చేసి వచ్చాను. స్కాట్లాండ్ సంగతి నాకు తెలియదు. గడ్డి సంగతి తెలుసు.

తెల్లవారుజామున నాలుగింటికి గ్రీన్‌లు కోసేవాళ్లం. గ్రీన్ అంటే బంతి చివరికి గుంటలో పడే చోటు. అక్కడ గడ్డి మూడు మిల్లీమీటర్లు, అంటే రెండు నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తు. అంత పొట్టిగా కోస్తే వేరు లోతుకు పోదు. వేరు లోతుకు పోకపోతే నీళ్లు రోజూ కావాలి, తెగులు త్వరగా పడుతుంది, మందు కొట్టాలి. సమస్య అంతా ఆ మూడు మిల్లీమీటర్లలో ఉంది. కానీ పద్దెనిమిది గ్రీన్‌లూ కలిపితే రెండున్నర, మూడు ఎకరాలే. మొత్తం నీళ్లలో ఎక్కువ తాగేది మిగతా ఆట నేల.

మా దగ్గర పాస్పలమ్ అనే గడ్డి. ఉప్పునీటి ఒడ్డున పుట్టిన జాతి, ఉప్పు తట్టుకుంటుంది. శుద్ధి చేసిన మురుగునీరే పెట్టేవాళ్లం. బాగానే ఉందనిపిస్తుంది. వేసవిలో చూస్తే నేల మీద తెల్లటి పొర, వేలితో గీస్తే పొడిలా రాలేది, నాలుకకు తగిలితే ఉప్పు. అప్పుడు రాత్రంతా నీళ్లు వదిలి ఉప్పును కిందికి దింపేవాళ్లం. ఇనుప గొట్టం నేలలోకి దింపి, అడుగు లోతు మట్టి తీసి, తడి ఎందాకా పోయిందో నేనే చూసేవాణ్ని. తడి వేళ్లను దాటి కిందికి దిగిందంటే పని అయినట్టు లెక్క. ఆ ఉప్పు అక్కణ్నుంచి ఎక్కడికి పోతుందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు అనిపిస్తుంది, అడగవలసింది.

మంచి మార్పు కూడా ఒకటి చూశాను. ఆట నేలకు రెండు వైపులా ఉన్న గడ్డి చాలాభాగం తీసేసి ఎడారి పొదలు వదిలేశారు. నీళ్లు బాగా తగ్గాయి. ఆడేవాళ్లు మొదట గోల చేశారు, ఏడాదిలో అలవాటు పడ్డారు. గోధుమరంగు నేల మీద కూడా బంతి దొర్లుతుంది.

దొరువు (బాపట్ల)

గడ్డిపని గారూ, మీరు అడగలేదన్న ప్రశ్నకు మా ఊళ్లో జవాబు ఉంది.

సముద్రం దగ్గరి మా ఇసుక నేలల్లో దొరువు అంటే ఏమిటో కొందరికి తెలిసే ఉంటుంది. మనిషి లోతున ఇసుక తవ్వితే మంచినీరు ఊరుతుంది. వాలుగా దిగి, రెండు చేతులా రెండు కడవలు ముంచి, మా నాన్న నారుమళ్లకు పోసేవారు. సముద్రం అంత దగ్గర ఉండగా ఈ తీపి నీరు ఎలా నిలుస్తుందంటే, వాననీరు తేలిక, ఉప్పునీరు బరువు. ఇసుకలో ఇంకిన వాన ఉప్పునీటి మీద తేలుతుంది. నీటిమట్టం సముద్రం కంటే ఒక మీటరు ఎత్తున ఉంటే దాని కింద సుమారు నలభై మీటర్ల వరకు మంచినీరు ఉండగలదని శాస్త్రం. అదే లెక్క తిరగేయండి. మోటార్లు పెట్టి ఒక మీటరు లాగేస్తే కింద నుంచి ఉప్పు ఎంత పైకి వస్తుంది? అందుకే బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు లోతు బోర్లు వద్దని, పైపైన నీటిని మాత్రమే తీసుకునేలా అడ్డంగా గొట్టాలు పరిచే మెరుగైన దొరువు పద్ధతి రూపొందించారు.

ఇప్పుడు ఇలాంటి నేల మీద గోల్ఫ్ మైదానం ఊహించండి. మన ఎండకు రోజుకు ఐదు మిల్లీమీటర్ల నీరు పెట్టాలనుకుందాం. హెక్టారుకు 50,000 లీటర్లు. ముప్పై హెక్టార్లు తడిపితే 15 లక్షల లీటర్లు. జలజీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అంటోంది. అంటే 27 వేల మంది నీరు. స్కాట్లాండ్‌లో వానే తడుపుతుంది కనుక అక్కడివారు దిబ్బ గురించే మాట్లాడుకోగలరు. మాకు దిబ్బ, నీరు ఒకటే. దిబ్బ పోతే దొరువు పోతుంది.

చట్టం గురించి కూడా ఒక మాట. తీరప్రాంతంలో కట్టడాలను నియంత్రించే సీఆర్‌జెడ్ నిబంధనల్లో ఇసుక దిబ్బలు అన్నిటికంటే కట్టుదిట్టమైన మొదటి తరగతిలో ఉన్నాయి. కానీ పల్లె తీరాల్లో కట్టడాలు నిషేధించిన మేరలో ఉద్యానాలు, ఆటస్థలాలు ఉండవచ్చన్నారు. గోల్ఫ్ కూడా ఆటస్థలమే అంటే? పటంలో ఎక్కని దిబ్బను ఎవరు కాపాడతారు? సరుగుడు తోట వేసిన దిబ్బను మామూలు తోట భూమిగా చూపడం ఎంతసేపు? నా భయం ఇది.

ఆటవిడుపు

దొరువు గారూ, మీ లెక్క చదివి కాసేపు ఆగాను. నీళ్ల విషయంలో నా దగ్గర ఉన్న జవాబు శుద్ధి చేసిన నీరే. కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్ మైదానాలు 1994 నుంచి దాన్ని వాడుతున్నాయి. మొదట్లో ఆ నీటిలో సోడియం ఎక్కువై గ్రీన్‌లు దెబ్బతింటుంటే మంచినీటితో కడగవలసి వచ్చింది. తరువాత ఉప్పు కూడా తీసే శుద్ధి యంత్రాలు పెట్టారు. ఖర్చు పెడితే సాధ్యమే.

గడ్డిపని

అన్నగారూ, ఉప్పు తీశాక కూడా ఆ నీటిలో నత్రజని మిగలవచ్చు. గడ్డి తాగినంత తాగుతుంది, మిగిలింది ఇసుకలో ఆగదు. ఇసుక జల్లెడ లాంటిది. గల్ఫ్‌లో మా మైదానం కింద నీళ్లు తోడుకునే ఊరు లేదు. బాపట్లలో ఉంది. ఒకే పద్ధతి రెండు చోట్లా ఒకటి కాదు. శుద్ధి నీరు వాడితే పచ్చ జెండా అనే మాట ఇక్కడ పనికిరాదు. కింద ఎవరు తాగుతున్నారో ముందు చూడాలి.

ఆటవిడుపు

ఒప్పుకుంటున్నాను. దొరువులున్న నేలలో కొత్త మైదానం వద్దు. పాత మైదానాలను మాత్రం మూసేయమంటే ఒప్పుకోను.

తీరపునడక

మూసేయమని నేనూ అనను. అయితే సముద్రం అడుగుతోంది. ఇక్కడికి దక్షిణాన మాంట్రోజ్‌లో 1562 నుంచి గోల్ఫ్ ఆడుతున్నారని చెబుతారు. గత ముప్పై ఏళ్లలో సముద్రం సుమారు 70 మీటర్లు లోపలికి వచ్చిందని 2016లో డండీ విశ్వవిద్యాలయం పరిశోధకులు చెప్పారు. ఆట మొదలుపెట్టే చోట్లను లోపలికి జరుపుకుంటూ వస్తున్నారు. కోత ఆపడానికి ఒడ్డున రాళ్లు పోస్తే ఇక్కడి ఇసుక పక్క తీరానికి అందదు, కోత అక్కడ మొదలవుతుంది. కాబట్టి పాత మైదానం వెనక్కి జరగడానికి సిద్ధంగా ఉండాలి, దానికి చోటు ఇప్పుడే పెట్టుకోవాలి.

కొన్ని చోట్ల పూర్తిగా తిరిగి ఇచ్చేశారు కూడా. కాలిఫోర్నియాలో శాంటా బార్బరా దగ్గర ఓషన్ మెడోస్ అనే మైదానం ఉండేది. 1960లలో ఒక తడినేలను మట్టితో పూడ్చి కట్టారు. 2013లో దాన్ని కొని విశ్వవిద్యాలయానికి అప్పగించారు. పక్క మెట్ట నుంచి తెచ్చి పోసిన మట్టిని తవ్వి మళ్లీ మెట్టకే చేర్చారు. నీళ్లు తిరిగి వచ్చాయి, పక్షులు వచ్చాయి. తడినేలను అలా తిరిగి తెచ్చుకోవచ్చేమో. వేల ఏళ్లుగా గాలి పేర్చిన దిబ్బను ఏ యంత్రంతో పేరుస్తాం?

ఉత్తరగాలి గారూ, మీ పల్లె ప్రశ్నకు నా దగ్గర ఇంకా సరైన జవాబు లేదు. మాక్రిహానిష్ తరహాలో గొర్రెలతో, ఏడు ఎకరాలతో ఎవరైనా వస్తే, ఆ ఈగ బతికే మొక్కల జోలికి పోకుండా ఉంటే, నేను ఎదురు నిలబడను. ఈ చర్చ మొదలుపెట్టినప్పుడు ఆ మాట అనేవాణ్ని కాదు.

ఉత్తరగాలి

అంతమాత్రం చాలు. మా వాళ్లకు ఈ చర్చ వినిపిస్తాను.

గడ్డిపని

దొరువు గారూ, మీ నాన్నగారి దొరువు ఇంకా ఉందా? నీళ్లు ఎలా ఉన్నాయి?

దొరువు

ఉంది. అంచున బాలబంద తీగ అల్లుకుని ఉంది, దాన్ని పీకనివ్వం, ఇసుక జారకుండా పట్టుకుంటుంది. రెండు ఫర్లాంగుల దూరంలో రొయ్యల చెరువులు వచ్చాక అటువైపు దొరువులు రెండు ఉప్పుబారాయి. మాది ఇంకా తియ్యగానే ఉంది. అమ్మ రోజూ పొద్దున్నే దోసిట పట్టి రుచి చూసి గాని కడవ ముంచదు.