కాలేయ కణితుల అబ్లేషన్ ట్రయల్: మార్జిన్ ఎప్పుడు, ఎలా కొలుస్తున్నారు?

పెద్దపేగు క్యాన్సర్ నుంచి కాలేయానికి పాకిన, 3 సెం.మీ. లోపు కణితులకు మైక్రోవేవ్ అబ్లేషన్ (సూది గుచ్చి మైక్రోవేవ్ వేడితో కణితిని కాల్చేయడం) ట్రయల్ ప్రోటోకాల్ రాస్తున్నాం. అబ్లేషన్‌ని సర్జరీతో పోల్చిన నెదర్లాండ్స్ కొలిజన్ ట్రయల్ దారి చూపింది. మా చిక్కంతా మార్జిన్ దగ్గరే, అంటే కణితితో పాటు దాని చుట్టూ కాల్చే మంచి కణజాలపు అంచు దగ్గరే. కణితి చుట్టూ కనీసం 5 మి.మీ., వీలైతే 10 మి.మీ. కాలాలి. కానీ వేడికి కణజాలం ముడుచుకుంటుంది; అందుకే కాల్చకముందు తీసిన సీటీ మీద కాల్చాక తీసిన సీటీ పెట్టి చూస్తే మార్జిన్ అసలుకంటే తక్కువగా కనిపిస్తుంది. పెద్ద రక్తనాళం పక్కనైతే రక్తం వేడిని లాగేసి ఆ వైపు క్యాన్సర్ కణాలు మిగిలిపోవచ్చు.

కాంట్రాస్ట్ సీటీ (రక్తనాళంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే స్కాన్) రోగి మత్తులో ఉండగానే తీస్తున్నారా, మర్నాడా? ముడుచుకున్నదానికి దిద్దుబాటు ఎలా చేస్తున్నారు? అదే సిట్టింగ్‌లో మళ్లీ కాలిస్తే దాన్ని వైఫల్యంగా లెక్కించకూడదని నా అభిప్రాయం. మొదటి రోగిని చేర్చుకునే ముందే సీటీఆర్ఐలో (భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు కావాలి కనుక నిర్వచనాలు ఇప్పుడే తేలాలి. అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.