కొత్త క్లౌన్ చేపకి తెల్ల చుక్కలు: మైలుతుత్తం (రాగి మందు) లెక్క సరిచూడగలరా?

భీమవరంలో 120 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు, పెట్టి మూడు నెలలు. బోరు ఉప్పునీళ్లు కావు, ఆర్వో నీళ్లలో సముద్రపు ఉప్పు కలిపినవే. సాంద్రత 1.025, వేడి 27 డిగ్రీలు, అమ్మోనియా సున్నా (రొయ్యల చెరువుల ల్యాబులో చూపించాను).

వారం కిందట వదిలిన క్లౌన్ చేప రెక్కల మీద మెత్తటి ఉప్పు రవ్వల్లా పది పన్నెండు చుక్కలు. రెండు రోజులకి రాలిపోయి, నాలుగో రోజు రెట్టింపు వచ్చాయి. అందుకే మెరైన్ ఇక్ (ఉప్పునీటి చేపలకి తెల్ల చుక్కలు తెచ్చే పరాన్నజీవి) అనుకుంటున్నాను. వెల్వెట్ (ఇంకో పరాన్నజీవి జబ్బు) అయితే పిండి చల్లినంత సన్నగా ఉండేది. బ్రూక్లినెల్లా (ఇదీ పరాన్నజీవే) అయితే జిగురు పొరలుగా ఊడేది, దానికి రాగి పనిచేయదు, ఫార్మాలిన్ కావాలి. తిండి తింటోంది, కానీ మొప్పలు మాత్రం గబగబా ఆడిస్తోంది, అదే భయం.

పెద్ద ట్యాంకులో రాగి వేయలేను. లైవ్ రాక్ (సూక్ష్మజీవులున్న సముద్రపు రాయి) దాన్ని పీల్చేసుకుంటుంది, క్లీనర్ రొయ్య చచ్చిపోతుంది. స్పాంజి ఫిల్టరు, పీవీసీ గొట్టం ముక్క పెట్టి 40 లీటర్ల టబ్బు సిద్ధం చేశాను.

లెక్క ఇది: లీటరు డిస్టిల్డ్ నీళ్లలో శుద్ధమైన మైలుతుత్తం 1 గ్రాము. అందులో రాగి పావు వంతు. కాబట్టి 31 మి.లీ. పోస్తే టబ్బులో రాగి 0.2 పీపీఎం (లీటరుకి 0.2 మి.గ్రా.) రావాలి. ఒకేసారి పోయకుండా రెండు రోజుల్లో విడతలుగా పోద్దామని. పీహెచ్ 8.2 దగ్గర రాగి అడుగుకి దిగిపోతుంది కదా, రోజుకి ఎన్నిసార్లు కిట్టుతో కొలవాలి? పెద్ద ట్యాంకులో మిగిలిన పరాన్నజీవి చావడానికి, చేపలు లేకుండా దాన్ని 76 రోజులు వదిలితే సరిపోతుందా?